నాలుగో జ్వరం

ఎలకల కోసమే మొదలుపెట్టాను.
బైరెడ్డిపల్లె దాటినాక మా దేశమ్మత్త పట్టుపురుగుల షెడ్డు.
రెండొందల గుడ్ల పంట.
ఒక్క ఎలక దూరిందంటే
తినేది పిడికెడు, తొక్కి చంపేది తట్టెడు.

పాడైన టేప్‌రికార్డరులోంచి మైకు,
బాగుచెయ్యమని ఇచ్చి ఎవరూ వెనక్కి రాని రేడియోలోంచి స్పీకరు,
పాత బైకు బ్యాటరీ,
పలమనేరులో కొన్న ఎనిమిది కాళ్ల ఐసీ ఒకటి.
వి.కోటలో నా టీవీల అంగడి మూసి రెండేళ్లు.
చేతులకి మాత్రం ఆ సంగతి ఇంకా చెప్పలేదు.

షెడ్డులో సోల్డరింగు పెట్టనియ్యలేదు అత్త.
"ఆ గుగ్గిలం పొగ లోపలికి తేవద్దు నాయనా,
అగరొత్తి ముట్టిస్తేనే మేత మానేసే జాతి ఇది."
అందుకని మోటారు గదిలో బల్ల.
అక్కణ్ణుంచి షెడ్డుకి నలభై అడుగుల వైరు.
అంత పొడుగు వైరు ఊరికే ఉండదు,
దారినపోయే కరెంటునంతా ఇంటికి పిలుచుకొస్తుంది.
మొదటి రాత్రి స్పీకర్లో ఒకటే గుయ్‌మని.
షీల్డు వైరు వేశాను, ఎర్తులన్నీ ఒకే చోట కట్టాను.
గుయ్ పోయింది.
దాని అడుగున ఇంకొకటి ఉంది.

సన్నగా, ఎడతెగకుండా.
వానేమోనని బయటికొచ్చి చెయ్యి చాపాను.
చుక్కలున్నాయి, పైన మాత్రమే.
ఐసీ మార్చాను. అట్లే ఉంది.
మైకు మార్చాను. బ్యాటరీ కొనలు గీరాను.
మూడో రాత్రి విసుగెత్తి
ఒక కెపాసిటర్ తీసి లైనుకీ ఎర్తుకీ మధ్య అతికించాను.
ఆ సన్నపు రొదంతా భూమిలోకి దిగిపోయింది.
నిమ్మళం. అంత శుభ్రమైన నిశ్శబ్దం
అంగడి నడిపిన పద్దెనిమిదేళ్లలో చెయ్యలేదు నేను.

పొద్దున్నే అత్తకి గొప్పగా చూపించబోయాను,
పీకి, పెట్టి, పీకి, పెట్టి.
"ఇదో రొద. ఇప్పుడు లేదు చూడు."
అత్త చెంగుతో చెవి తుడుచుకుని
స్పీకరు మీదికి వంగింది.
"రొద ఏంది అబ్బోడా?
అవి ఆకు తింటాండాయి."

ఏమీ అనలేదు నేను.
ఇనుము వేడెక్కేదాకా కూర్చుని
ఆ కెపాసిటర్ని ఊడదీశాను.
దానికి ఒక కాలు విరిగింది. జేబులో వేసుకున్నాను.

ఆ రాత్రినుంచి స్పీకరు అత్త తలగడ పక్కన.
ఎలకల మాట ఎత్తలేదు ఇద్దరం.
కొమ్మలు పరిచిన కాసేపటికి రొద పెరిగేది,
ఈనెలు మిగిలే వేళకి పలచబడేది,
అత్త లేచి చీర బిగించుకుని తోటలోకి పోయేది.

ఒకనాటి అర్ధరాత్రి
అంతా ఆగిపోయింది.
వైరు తెగిందనుకున్నాను.
మల్టీమీటరు చంకలో పెట్టుకుని పరిగెత్తాను,
అంగుళం అంగుళం తడుముతూ షెడ్డుదాకా.
వోల్టేజీ సరిగ్గానే ఉంది. మైకు సరిగ్గానే ఉంది.
లోపల అత్త, సున్నం డబ్బా ఒళ్లో పెట్టుకుని.
స్టాండ్లనిండా పురుగులు
తలలెత్తి, కదలకుండా,
ఎవరో పేరు పిలిచినట్టు.
"నాలుగో జ్వరం," అంది మెల్లగా.
"చర్మం విడుస్తాయి. టార్చి ఆర్పు."

చాలాసేపు నిలబడ్డాను చీకట్లో,
చేతిలో మీటరు సున్నా చూపిస్తూ.

జ్వరం విడిచాక వాటి ఆకలికి
వాల్యూము సగానికి తగ్గించాల్సి వచ్చింది.
తర్వాత చంద్రికలు, తర్వాత గూళ్లు,
తర్వాత పలమనేరు మార్కెట్టు,
రేటు గురించి అత్త తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

ఖాళీ షెడ్డు కడిగి ఆరబెట్టాం.
స్పీకరు ఆపడం ఇద్దరమూ మరిచాం.
అప్పుడు వినిపించింది, ఉండీ లేనట్టు,
సర్క్యూటు సొంత రొద.
అది నాదే. దాన్ని అట్లే ఉంచాను.

రెండు గంటలప్పుడు స్పీకర్లో
టప్. టప్. గర్రున ఒక గీకుడు.
ఇన్నాళ్లకి వచ్చింది ఎలక.
చీపురు కోసం లేవబోతుంటే
చీకట్లోంచి అత్త గొంతు:
"ఉండనీలే పాపం.
పంట అమ్మేసినామని దానికెవరు చెప్పినారు?"